కడుపు కట్టుకోవడం

నా ఫోనులో రోజుకి అయిదు అలారాలు మోగుతాయి. పొద్దున్న ఎనిమిదింటికి మల్టీవిటమిను. పదకొండింటికి మొదటి కాల్షియం, మూడింటికి రెండోది, సాయంత్రం ఏడింటికి మూడోది. రాత్రి పదింటికి ఐరన్. కాల్షియమూ ఐరనూ ఒకేసారి వేసుకుంటే ఒకటి రెండోదాన్ని ఒంటబట్టనివ్వదు, కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. ఐరన్ దరిదాపుల్లో టీ తాగకూడదు. ఇవి కాక వారానికోసారి విటమిన్ డి, నెలకోసారి బి12 ఇంజెక్షను. మా బ్యాంకులో పక్కసీటు ఆయన ఈ అలారాలు విని, "మేడమ్, అందరిదీ త్రికాల సంధ్య అయితే మీది పంచకాల సంధ్య" అంటూ ఉంటాడు. నవ్వి ఊరుకుంటాను. అయిదేళ్ళ కిందట గ్యాస్ట్రిక్ బైపాస్ ఆపరేషన్ అయినప్పటినుంచీ ఇదే నా నిత్యకర్మ. మధ్యలో ఒక పది నెలలు తప్ప. ఈ వ్యాసం ఆ పది నెలల గురించే.

అప్పటికి నాకు నలభై రెండేళ్ళు, నూట పదహారు కిలోలు, పదేళ్ళ షుగరు. ఇన్సులిన్ మోతాదు పెరుగుతూ ఉంది. చెయ్యని డైటింగ్ లేదు. పదిహేను కిలోలు తగ్గడం, ఇరవై పెరగడం, నాలుగుసార్లు అయింది. చివరికి డాక్టర్లు ఆపరేషన్ మాటెత్తారు. చేయించుకుని ఇంటికొచ్చిన పదోరోజున, పలకరించడానికి వచ్చిన పిన్నివరస ఆవిడ వంటింట్లో మా అమ్మతో అంటున్న మాట నా చెవిన పడింది: "నోరు కట్టుకోలేక కడుపు కోయించుకుందన్నమాట."

ఎం.ఏ.లో ఫిలాసఫీ చదివి బ్యాంకులో స్థిరపడ్డదాన్ని. నిగ్రహం అంటే ఏమిటి, మనిషి తన కోరికలకి ఎంతవరకు బాధ్యుడు అని రెండేళ్ళపాటు పరీక్షలు రాశాను. ఆవిడ ఆ ప్రశ్నపత్రమంతా ఒక్క వాక్యంలో పెట్టేసింది. నోరు కట్టుకోవడం నైతికమైన పని, కడుపు కోయించుకోవడం అడ్డదారి. కోపం వచ్చింది కానీ, తప్పని ఎలా చెప్పాలో ఆ రోజు తెలియలేదు.

ముందు ఆపరేషన్‌లో ఏం జరుగుతుందో చెప్పాలి. పొట్ట పైభాగంలో సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని వేరుచేసి, దాన్ని తీసుకెళ్ళి చిన్నపేగులో కాస్త కింది భాగానికి కలుపుతారు. మిగిలిన పొట్టని తీసెయ్యరు. అది లోపలే ఉంటుంది, రసాలు ఊరిస్తుంది, కానీ తిండి దాని గడప తొక్కదు. పేగు మొదటి భాగం కూడా అంతే. ఐరన్, కాల్షియం బాగా ఒంటబట్టే చోటు అదే. ఇక బి12 ఒంటబట్టాలంటే పొట్ట గోడల్లోంచి ఊరే ఒక పదార్థం దానికి తోడు రావాలి. దారి మారిపోయిన తిండికి ఆ తోడు సరిగ్గా దొరకదు. అందుకే ఈ మాత్రలు, బతికున్నంతకాలం.

భోజనం తీరు కూడా తిరగబడుతుంది. ముందు గుడ్డో చేపో పప్పో, తర్వాత కూర, చోటు మిగిలితే అన్నం. రోజుకి అరవై గ్రాముల ప్రోటీనైనా పడాలి. తింటూ నీళ్ళు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. మా విస్తట్లో అన్నానిదే నడిమి పీట, మజ్జిగతో ముగిస్తేనే భోజనం. అలాంటి ఇంట్లో పుట్టినదాన్ని, నాలుగు ముద్దలు తిని, మజ్జిగ గ్లాసు ఎదురుగా పెట్టుకుని గడియారం చూస్తూ కూర్చున్నాను. మా అమ్మ ఏమీ అనలేదు. "పిల్లి తిన్నట్టు తింటున్నావే" అని మాత్రం అంది.

మొదటి ఏడాది నిజంగానే ఆకలి లేదు. పొట్ట చిన్నదవడం ఒక్కటే దానికి కారణం కాదు. తిండి త్వరగా పేగులోకి దిగడంతో, కడుపు నిండిందని మెదడుకి చెప్పే హార్మోన్లు ఎక్కువగా ఊరతాయి. నలభై ఏళ్ళు నా తలలో నడిచిన రేడియోని ఎవరో ఆపేసినట్టుంది. పెళ్ళిళ్ళలో మిఠాయిల పళ్ళెం ముందునుంచి వెళ్ళినా చెయ్యి కదలలేదు. ఒకసారి మర్యాదకి సగం కాజా తింటే గుండె దడదడలాడి, ఒళ్ళంతా చెమట్లు పట్టి అరగంట పడుకున్నాను. తీపి ఒక్కసారిగా పేగులోకి దిగితే అంతే. నలభై అయిదు కిలోలు తగ్గాను. ఇన్సులిన్ మానేశారు. జనం పొగడటం మొదలుపెట్టారు: "ఎంత విల్ పవరండీ మీకు!"

ఆ పొగడ్త పిన్ని మాటకన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టింది. డైటింగులు చేసిన రోజుల్లో, ఆకలితో రాత్రి రెండింటికి లేచి మంచినీళ్ళు తాగి పడుకున్న రోజుల్లో, నాలో ఉన్న పట్టుదల మామూలుది కాదు. అప్పుడు ఎవరూ పొగడలేదు, ఎందుకంటే లావుగానే ఉన్నాను. ఇప్పుడు ఏ పోరాటమూ లేకుండా సగం ఇడ్లీ వదిలేస్తుంటే సంయమనం అంటున్నారు.

అరిస్టాటిల్ తన నీతిశాస్త్రంలో ఇద్దరిని వేరుచేసి చూపిస్తాడు. ఒకరికి చెడ్డ కోరిక పుడుతుంది, దానితో పెనుగులాడి గెలుస్తారు. ఇంకొకరికి ఆ కోరికే పుట్టదు, తగినంత మీదే మనసు ఉంటుంది. మనం సాధారణంగా మొదటివారిని గొప్పవారంటాం. ఆయన రెండోవారిని పైమెట్టు మీద కూర్చోబెడతాడు. చదువుకునే రోజుల్లో ఇది నాకు ఎదురుతర్కంలా అనిపించేది. ఆపరేషన్ తర్వాత చూసుకుంటే, ఆ లెక్కన నేను రెండు గంటల్లో రెండోమెట్టు ఎక్కేసినట్టే! కానీ ఆయన షరతు ఒకటుంది. ఆ స్థితి అలవాటుతో రావాలి, ఏళ్ళ తరబడి చేసీ చేసీ మనసు ఆ వైపుకి ఒరగాలి. నాది అలవాటు కాదు, స్టేప్లర్.

అలా అని పిన్ని గెలిచిందా? లేదనే ఇప్పుడు అనుకుంటున్నాను. ఎందుకంటే ఆకలి శాశ్వతంగా పోదు. రెండో ఏడాది నుంచి మెల్లగా తిరిగొచ్చింది, పాత అరుపుతో కాదు కానీ వచ్చింది. ఆపరేషన్ నాకిచ్చింది సద్గుణం కాదు, ఒక విరామం. రేడియో ఆగిన ఆ ఏడాదిన్నరలో నెమ్మదిగా నమలడం, చాలు అనిపించినప్పుడు లేవడం నేర్చుకోవచ్చు, నేర్చుకోకపోవచ్చు. అక్కడినుంచి మన పూచీ. మునిగిపోతున్నవాడికి తాడు విసిరితే, ఈత రాక తాడు పట్టుకున్నాడని ఎవరూ తప్పుపట్టరు కదా. గట్టెక్కాక ఈత నేర్చుకున్నాడా అన్నది అసలు ప్రశ్న.

ఆ ప్రశ్నకి నా జవాబు మాత్రం మంచిది కాదు. తిండి విషయంలో నేర్చుకున్నాను. మాత్రల విషయంలో తప్పాను.

మాత్రది విచిత్రమైన పరీక్ష. మిఠాయి ముందు నిలబడితే ఎదురుగా శత్రువు కనిపిస్తాడు. మాత్ర ముందు ఎవరూ లేరు. వేసుకుంటే రుచి లేదు, హాయి లేదు. మానేస్తే రేపు ఏమీ కాదు, ఎల్లుండీ ఏమీ కాదు. బి12ని కాలేయం ఏళ్ళకి సరిపడా దాచుకుంటుంది కాబట్టి ఆ లోటు ఏళ్ళ తర్వాతగానీ బయటపడదు. కాల్షియం అయితే మరీ నయవంచన. తిండిలో చాలకపోతే ఒళ్ళు ఎముకల్లోంచి తీసి రక్తంలో కలుపుతుంది. రక్తపరీక్షలో కాల్షియం అంకె చక్కగానే ఉంటుంది. ఇంట్లో నగలు ఒక్కొక్కటే కుదువపెట్టి పండగలు ఘనంగా చేసే కుటుంబంలాగన్నమాట. ఆకలి అయితే తనే వచ్చి తలుపు తడుతుంది. ఈ లోట్లు తట్టవు. ఒంటి మాట వినడం కాదు, ఒళ్ళు చెప్పని మాటని కాగితం మీద చూసి నమ్మడం ఇక్కడ కావలసింది.

మూడో ఏడాదిలో నాకు బదిలీ అయింది. కొత్త బ్రాంచిలో ఎవరూ నన్ను లావుగా చూడలేదు. భోజనాల దగ్గర ఒకమ్మాయి అడిగింది, "మీరు మొదట్నుంచీ ఇలా సన్నగానే ఉండేవారా మేడమ్?" అని. "ఆఁ, ఇంచుమించు" అన్నాను. నోట్లోంచి అలవోకగా వచ్చేసింది. ఆ మధ్యాహ్నం మూడింటికి అలారం మోగితే ఎవరూ వినకుండా నొక్కేశాను. బ్యాగులో మాత్రల పెట్టె ఆ అబద్ధానికి ఎదురుసాక్షిలా తోచింది. వారం తిరక్కుండా అలారాలన్నీ తీసేశాను. ఇంజెక్షనుకి వెళ్ళడం మానేశాను. మా ఆయన అడిగితే, ఇప్పుడు ఆఫీసులోనే వేసుకుంటున్నానని చెప్పాను. రోగిగా ఉండటం చాలనిపించింది. మామూలు మనిషినైపోవాలని ఉంది. ఆ ఆశ తప్పని ఇప్పటికీ అనలేను.

ఏడెనిమిది నెలలకి నాకో కొత్త పిచ్చి పట్టుకుంది. ఐసు నమలడం. ఫ్రిజ్‌లో ట్రే తీసి ముక్కలు గ్లాసులో పోసుకుని పటపటా నమిలేదాన్ని. రోజుకి ఒక ట్రే, తర్వాత రెండు, తర్వాత నాలుగు. అర్ధరాత్రి లేచి నమిలేదాన్ని. ఆకలి పోయిందనుకున్న మనిషిని, పాత రోజుల్లో లడ్డూల డబ్బా దగ్గర ఎలా నిలబడేదాన్నో అలా ఫ్రిజ్ ముందు నిలబడ్డాను. మెట్లు ఎక్కితే ఆయాసం, దువ్వెన నిండా జుట్టు. నిద్ర చాలట్లేదనుకున్నాను. పదో నెలలో బ్యాంకు మెట్ల మీద కళ్ళు తిరిగి కూలబడితే హాస్పిటల్‌కి తీసుకెళ్ళారు. హిమోగ్లోబిన్ 7.9. డాక్టరమ్మ కాగితం చూస్తూ తలెత్తకుండానే అడిగింది, "ఐసు గానీ, మట్టి గానీ, బియ్యం గానీ తినాలనిపిస్తోందా?"

నేను జవాబు చెప్పడానికి ముందు నా కళ్ళకి మా అమ్మ కనిపించింది.

వసారాలో చేట ఒళ్ళో పెట్టుకుని బియ్యం ఏరుతూ, రాళ్ళు ఒక పక్కకి నెడుతూ, మధ్యమధ్య చిటికెడు బియ్యం నోట్లో వేసుకునే అమ్మ. నేను పుట్టినప్పటినుంచీ చూస్తున్న దృశ్యమే. "ఒట్టి బియ్యం తింటే పెళ్ళిలో వాన పడుతుందంటారు, నీకు పెళ్ళయి పిల్లలు పుట్టాక కూడా ఇదేం అలవాటే" అని నాన్నమ్మ సాధించేది. మేమూ నవ్వేవాళ్ళం. నేను కాలేజీకి వచ్చాక కాస్త నాగరికంగా కసిరాను కూడా, "అసహ్యంగా ఉంటుందమ్మా, మానెయ్" అని. మా ఇంట్లో అది అమ్మ దుర్గుణాల జాబితాలో మొదటిది. నిజానికి అదొక్కటే.

ఇనుము తక్కువైన ఒళ్ళు తిండి కాని వాటిని కోరుకోవడం వైద్యులకి బాగా తెలిసిన లక్షణం. నాకు రక్తంలోకి ఐరన్ ఎక్కించారు. రెండు వారాల్లో ఐసు సంగతే మరిచిపోయాను. ఏ ఒట్టూ పెట్టుకోలేదు, ఏ నిగ్రహమూ చూపలేదు. కోరిక వచ్చిన దారినే పోయింది. వెంటనే ఊరెళ్ళి అమ్మకి పరీక్షలు చేయించాను. డెబ్భై నాలుగేళ్ళ మనిషికి హిమోగ్లోబిన్ 8.6. ఇంకేదైనా జబ్బు ఉందేమోనని మిగతావన్నీ చూశాక, తిండిలో లోటే అన్నారు. ఎన్నేళ్ళుగా ఉందో ఎవరు చెప్పగలరు? వంటింట్లో బిస్కెట్ల డబ్బాలో ఆరోగ్య కేంద్రంలో ఇచ్చిన ఎర్ర బిళ్ళలు అట్టలకట్టలుగా ఉన్నాయి, ఒక్కటీ చింపకుండా. "వికారంగా ఉంటదే, నోరంతా ఇనప వాసన" అంది అమ్మ. "వేసుకుంటన్నావా అని ఆ ఆశా పిల్ల అడిగితే, ఆఁ అనేదాన్ని. పాపం దానికి మాట వస్తది కదా."

అబద్ధం చెప్పడంలో కూడా తల్లీకూతుళ్ళం ఒకటే. కారణాల్లోనే తేడా. నేను నా పరువు కోసం చెప్పాను, ఆవిడ ఇంకొకరికి మాట రాకుండా చెప్పింది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే, మా అమ్మ వయసువాళ్ళని లెక్కలోకి తీసుకోకుండానే ఇది. మగవాళ్ళూ పిల్లలూ తిన్నాక, గిన్నెలో ఏం మిగిలితే అది తినడం మా అమ్మ తరానికి నియమం. చేపల పులుసులో ముక్కలు మాకు, పులుసు ఆవిడకి. ఇద్దరు పిల్లల్ని కడుపు కట్టుకుని చదివించిందని ఊళ్ళో అందరూ అంటారు. మెచ్చుకోలుగానే అంటారు. ఆ మెచ్చుకోలు కింద ఇనుము లేని రక్తం ఉందని ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. నేనేమో లక్షలు పోసి, ఆవిడ ఒంట్లో ఊరికే ఉన్న లోటుని నా ఒంట్లోకి కొని తెచ్చుకున్నాను. దాన్ని పూడ్చడానికి నెలకి రెండు వేల పైచిలుకు మందులు కొంటున్నాను. ఆ మాటే అమ్మతో అంటే కాసేపు ఆలోచించి అంది, "నేను లేక కట్టుకున్నాను కడుపు. నువ్వు ఉండీ కట్టుకున్నావు."

ఆ ఎర్ర బిళ్ళలో ఐరన్‌తో పాటు ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. దాన్ని 1940ల నడుమ లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు ఎల్లాప్రగడ సుబ్బారావు. 1895లో మా భీమవరంలోనే పుట్టాడు. ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ వ్యాధితో పోయారు. తిన్నది ఒంటబట్టని జబ్బు అది. ఆయనకీ వచ్చింది, బతికాడు. అంటే మా ఊరికి కూతవేటు దూరంలో పుట్టిన మనిషి ఇంటి దుఃఖం సముద్రాలు దాటి, మాత్రగా మారి, మా అమ్మ బిస్కెట్ల డబ్బాకి చేరింది. ఆవిడ దాన్ని చింపలేదు.

నా నెలవారీ ఇంజెక్షను వెనక కూడా ఒక కథ ఉంది. 1920ల చివర్లో బోస్టన్‌లో విలియం క్యాజిల్ అనే డాక్టరు, ప్రాణాంతకమైన ఒక రకం రక్తహీనత ఉన్న రోగుల మీద ఒక సందేహం తీర్చుకున్నాడు. వాళ్ళకి మాంసం పెడితే గుణం కనిపించలేదు. అప్పుడు ఆ మాంసం తనే తిని, గంటసేపు ఆగి, తన కడుపులోంచి దాన్ని బయటికి తీసి, గొట్టం ద్వారా రోగి కడుపులోకి పంపించాడు. రోగికి రక్తం పట్టింది. ఆరోగ్యవంతుడి పొట్టలో ఉండి రోగి పొట్టలో లేనిదేదో ఉందని అలా తెలిసింది. చదవగానే కడుపులో దేవుతుంది, నిజమే. కానీ నాకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. పళ్ళు రాని బిడ్డకి తల్లి తను నమిలి పెట్టడం మన పల్లెల్లో ఉన్నదే. ఒకరి కడుపు చెయ్యలేని పనిని ఇంకొకరి కడుపు చేసిపెట్టడం మనకి కొత్తకాదు.

ఇప్పుడు పిన్ని మాటకి వస్తాను. ఆవిడ వాక్యంలో దాగిన నమ్మకం ఏమిటంటే, అందరికీ ఆకలి ఒకటే, కొందరు నోరు కట్టుకుంటారు, కొందరు కట్టుకోరు అని. ఐసుముక్కలు ఆ నమ్మకాన్ని నాలో పూర్తిగా విరిచేశాయి. బియ్యం తినడం అమ్మ దుర్గుణం కాదు. అర్ధరాత్రి లడ్డూ కోసం లేచిన నా పాత ఆకలి గుణదోషాల లెక్క కూడా, మనం అనుకున్నంత సులువైంది కాకపోవచ్చు.

అయితే ఇక్కడ ఒక చిక్కుంది. కోరిక రసాయనమే, నా తప్పేం లేదంటే, మాత్రలు మానేయడమూ రసాయనమేనా? ఆ పది నెలలకీ నేను బాధ్యురాల్ని కానా? ఈ దారి పట్టుకుంటే చివరికి నాకంటూ మిగిలేది ఏమీ ఉండదు. చాలాకాలం దీనితో కుస్తీ పట్టాను. ఐసు కావాలనిపించకుండా చేసుకోవడం నా చేతిలో లేదు. మాత్రలంటే విసుగు పుట్టకుండా చేసుకోవడమూ బహుశా లేదు. కానీ "మానేశాను, నాకు విసుగ్గా ఉంది" అని మా ఆయనతోనో డాక్టరుతోనో ఒక్క మాట అనడం నా చేతిలోనే ఉంది. అన్నుంటే వాళ్ళు తిట్టేవాళ్ళేమో, బతిమాలేవాళ్ళేమో, వేరే మందు రాసేవాళ్ళేమో. నా కోరిక నాది కాకపోవచ్చు, నా అబద్ధం మాత్రం నాదే. ఆపరేషన్‌కి ముందు, జీవితాంతం ఇవి వేసుకుంటానని ఒక కాగితం మీద సంతకం పెట్టాను. అది ఆస్పత్రికిచ్చిన మాట అనుకున్నాను. పదేళ్ళ తర్వాత నా ఎముకలతో, నా నరాలతో బతకబోయే ఒక ముసలమ్మకి ఇచ్చిన మాట అని అప్పుడు తోచలేదు. ఆవిడ ఇంకా పుట్టలేదు కాబట్టి వచ్చి నిలదీయలేదు. అందుకే అంత సులువుగా మోసం చెయ్యగలిగాను.

ఇప్పుడు అలారాలు అందరికీ వినపడేలాగే పెట్టుకున్నాను. ఎవరైనా అడిగితే ఆపరేషన్ సంగతి చెబుతాను. కొత్త బ్రాంచిలో ఆ అమ్మాయికి కూడా చెప్పాను, ఆలస్యంగానే. అమ్మకి వికారం పుట్టించని మరో రకం ఐరన్ డాక్టరు రాసిచ్చారు. రోజూ రాత్రి ఎనిమిదిన్నరకి ఫోన్ చేస్తాను. "వేసుకున్నావా?" అంటాను. "వేసుకున్నా. నువ్వో?" అంటుంది. నాది పదింటికి. "వేసుకుంటాను" అంటాను. ఆవిడ నిజం చెబుతోందో, నాకు మాట రాకూడదని చెబుతోందో ఫోనులో తెలియదు. అట్టలు లెక్కపెట్టమని తమ్ముడికి చెబుదామనుకున్నాను. చెప్పలేదు. లెక్కపెట్టించుకునే వయసు కాదు ఆవిడది.

మొన్న సంక్రాంతికి వెళ్ళాను. వసారాలో ఎండలో కూర్చుని అమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. పక్కనే మజ్జిగ గ్లాసు పట్టుకుని, నా అరగంట అయ్యేదాకా చూస్తూ కూర్చున్నాను. రాళ్ళు ఒక పక్కకి, బియ్యం ఒక పక్కకి. చెయ్యి ఒక్కసారి కూడా నోటిదాకా వెళ్ళలేదు. ఆవిడకి ఆ సంగతి తెలుసో లేదో నేను అడగలేదు.